పన్నెండో నంబరు గాలం కర్ర

వచ్చే నెల కెనడా తూర్పు తీరంలోని న్యూ బ్రన్స్‌విక్‌లో స్ట్రైప్డ్ బాస్ అనే పెద్ద చేపల్ని పట్టాలని, ఈ రోజు మిస్సిసాగాలో ఫ్లై రాడ్ అనే గాలం కర్ర కొనడానికి వెళ్ళాం. షాపతను తొమ్మిదో నంబరు చాలన్నాడు. నేను అన్నిటికంటే బరువైన పన్నెండో నంబరు తీశాను.

"ఆయన చెప్పింది తీసుకోవచ్చుగా?" అంది మా ఆవిడ.

"పెద్దదైతే ఏ చేపకైనా పనికొస్తుంది. పిల్లల స్నో బూట్లు కూడా అలాగే ఒక సైజు పెద్దవి కొన్నాం కదా!" అన్నాను.

షాపతను నవ్వి, పార్కింగ్ లాట్‌లో పాతికసార్లు గాలం విసిరి చూడమన్నాడు. పద్నాలుగోసారికి నా భుజం పట్టేసింది. మా ఆవిడ తొమ్మిదో నంబరుతో పాతికా పూర్తిచేసి, "ఇంకో నాలుగు విసరనా?" అంది.

తొమ్మిదో నంబరే కొన్నాం. అయినా నా లెక్క తప్పంటే ఒప్పుకోను. ఏదైనా ఒక సైజు పెద్దదే కొనేవాళ్ళు చేతులెత్తండి. నేనూ మీ పార్టీయే గానీ, ఇవాళ్టికి నా చెయ్యి లేవడం లేదు.