వీపుమీది పుస్తెలతాడు

బి.ఏ. పాసైన వార్త నా నోట్ల ఆగలే. పట్నం నుంచి మొయినాబాద్ దాక బస్సుల అందరికీ చెప్పిన, టికెట్లిచ్చే ఆయనకు సుత. మా బెస్తోళ్ల ఇండ్లల్ల అప్పటిదాక సంతకం వచ్చినోళ్లే లేరు మరి. ఇంకో ముచ్చట మాత్రం అవ్వ కోసం దాచుకున్న. అదే పెద్దదనుకున్న.

అవ్వ అంటే మా బాపు తల్లి. ఆమె చిన్నగున్నప్పుడు ఒక తెల్లదొర ఈసీ వాగు ఒడ్డున డేరా ఏసి, చేపలగంప పట్టుకున్న అవ్వ తల్లిని రంగులతోని బొమ్మ గీసిండట. బొమ్మల మెడకు పుస్తె కనబడలే. దొర ముందట పుస్తె తీసిందని ఊరంత అన్నది. మొగడు ఎళ్లగొట్టిండు. ఆమె ఆలూరుల కూలి చేసుకుంట బతికింది. అవ్వ మాత్రం తన తండ్రి దగ్గర్నే ఉండి, పుస్తె తీసినదాని బిడ్డ అనిపించుకుంట పెరిగింది.

ఆ బొమ్మ నాకు కనబడ్డది. పరీక్షలైనంక మా కాలేజీ పంతులమ్మ చాయకు పిలిస్తే వాళ్లింటికి పోయిన. గోడకున్నది. కింద ఇంగ్లీషుల ఈసీ వాగు చేపలామె అని రాసి ఉన్నది. ముఖం అచ్చం మా అవ్వదే. కుర్చీ ఎక్కి చూసిన. చీరె అంచు తడిసి ఉన్నది. భుజం మీదికెళ్లి సన్నటి పసుపు గీత ఒకటి ఎనకకు పోయింది. వల గుంజేటప్పుడు పుస్తెలతాడు చిక్కకుండ మా ఆడోళ్లంత పుస్తెను వీపుమీదికి ఏసుకుంటరు. ఆమె అప్పుడే నీళ్లల్లకెళ్లొచ్చి నిలబడ్డది, ముందటికి తీసుకోవుడు మర్చిపోయింది. గంతే.

ఇంటికి పోయేసరికి అవ్వ వాకిట్ల వల అల్లుతున్నది. పాసైన అంటే నవ్వింది. "ఇగ నిన్ను దొరసాని అని పిలువాల్నా ఏందే?" అన్నది. ఆ నవ్వు మీదనే బొమ్మ ముచ్చట మొత్తం చెప్పేసిన. వల అల్లే చేతులు ఆగినయి.

"మంచిగ చూసినవా?"

"చూసిన అవ్వా. తాడే."

వల కింద పెట్టి మెల్లగ చెప్పింది. తన పెండ్లైన కొత్తల చేవెళ్ల అంగడిల తల్లి ఎదురొచ్చిందట. తాడు ఎనక ఉండె బిడ్డా అని వీపు తడిమి చూపించుకుంట చెప్పిందట. అత్త పక్కనున్నది. ఈమె ఎవరో నాకు తెల్వదు అని అవ్వ మొకం తిప్పుకున్నదట. మళ్ల కలువలే. తల్లి సచ్చిపోయిన కబురే వచ్చింది.

పట్నం తోలుకపోతా, చూద్దువు అన్న.

"ఆమె ఎటు చూస్తున్నది, బొమ్మల?"

"మన దిక్కే. ఎదురుంగ."

అవ్వ వల మళ్ల చేతులకు తీసుకున్నది.

"నేను రాను" అన్నది.