ఎండ ఉండగా పోయిన కరెంటు

పెద్దమ్మ జనరేటర్‌ని ఇద్దరు మనుషులు మోసుకుపోతుంటే, గేటు మూసుకుపోకుండా పట్టుకుని నిలబడ్డది నేనే. సాయం చేస్తున్నాననే అనుకున్నాను అప్పుడు. చేతులతో గేటు పట్టుకునే బదులు నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. బతు బస్తీలో మా పక్కిల్లు, అంతే. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు నుంచి పెళ్లయి ఈ దీవికి వచ్చింది. పెదనాన్న పోయాక ఆయన డింగీ పడవ అమ్మేసి, ఇంటి ముందు గదిలో రెండు డీప్ ఫ్రీజర్లు పెట్టుకుని చేపలు అమ్ముతోంది. ఆ ఫ్రీజర్లే ఆవిడ బతుకు. ఇక్కడ కరెంటు ఎక్కువగా డీజిల్‌తో తయారవుతుంది, ఆ డీజిల్ ఓడలో రావాలి. పైగా కొంచెం గాలి వీస్తే చాలు, ఏదో ఒక చెట్టు తీగల మీద వాలుతుంది. అందుకే పెద్దమ్మ ఇంటి వెనక ఒక పాత జనరేటర్ ఉండేది. దాని చప్పుడుకి మా ఇంట్లో టీవీ వినపడేది కాదు. చచ్చేంత విసుగొచ్చేది నాకు.

నేను లంబాలైన్‌లో ఒక సోలార్ కాంట్రాక్టర్ ఆఫీసులో చేస్తాను. ఇంటి కప్పు మీద సోలార్ ప్లేట్లు పెట్టించుకుంటే ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది కదా, ఆ దరఖాస్తులు నింపడం, కాగితాలు ఎక్కించడం, సంతకాలు తీసుకోవడం నా పని. మంచి పథకమే. ఇంత ఎండ పెట్టుకుని, ఓడలో డీజిల్ తెచ్చుకుని తగలెయ్యడం ఏం తెలివి? ఆ మాట నేను ఇప్పటికీ అంటాను.

కానీ అందులో ఒక మెలిక ఉంది. సబ్సిడీతో మేము పెట్టేది బ్యాటరీ లేని రకం. లైను కరెంటు ఉంటేనే అది పనిచేస్తుంది. లైను పోయిందా, నెత్తిన ఎంత ఎండ ఉన్నా అదీ ఆగిపోతుంది. తీగలు బాగుచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా చేశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి అందరికీ విడమరిచి చెప్పేదాన్ని. చెప్పగానే, "అయితే ఎందుకింక?" అని లేచి వెళ్లిపోయేవాళ్లు. రెండుసార్లు మా సేఠ్ చేత చీవాట్లు తిన్నాక, అడిగితేనే చెబుదామనుకున్నాను. కొన్నాళ్లకు, అడిగినా మాట దాటేయడం అలవాటైంది.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇంటికి ఏ కాగితం వచ్చినా అది ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. చదువుకున్న పిల్ల వేలు పెట్టి చూపిస్తుంది, పెద్దవాళ్లు అక్కడ సంతకం పెడతారు. అందులో ఏముందని అడగరు. అడిగితే ఆ పిల్లని నమ్మనట్టు. రేషన్ కార్డు నుంచి ఆస్పత్రి కాగితాల దాకా పెద్దమ్మకి ఆ పిల్లని నేనే.

అయినా ఆ రోజు ఒకటి అడిగింది. "కరెంటు పోతే ఏటవుద్దే? నా ఫ్రీజర్లు నడుస్తాయా?"

నెలాఖరు. నెలకిన్నని ఆఫీసు పెట్టిన లెక్కకి నాకింకొక్క దరఖాస్తు తక్కువుంది.

"ఎండ ఉంటే కరెంటు ఉంటుంది పెద్దమ్మా, టెన్షన్ మత్ లో," అన్నాను.

ఆ నియమం రాసి ఉన్న పేజీ తిప్పేసి, చివరి పేజీలో వేలు పెట్టాను. పెద్దమ్మ నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు తెలుగులో సంతకం పెట్టింది. ప్లేట్లు బిగించిన వారానికే జనరేటర్ అమ్మేసింది. "నా తల్లి పుణ్యమా అని ఆ గోల ఒగ్గిపోయింది," అని నన్ను చూపించి వీధంతా చెప్పుకుంది.

వానలు మొదలయ్యాక వాతావరణం బాగోలేదని పడవల్ని సముద్రంలోకి వెళ్లొద్దన్నారు. అంతకు ముందురోజు వచ్చిన చేపంతా పెద్దమ్మే కొని ఫ్రీజర్లు నింపింది. సుర్మాయి, అంటే మన వంజరం, పైదాకా పేర్చింది. ఆ రాత్రి గాలికి చెట్లు కూలి లైను పోయింది. తెల్లారేసరికి గాలి తగ్గి, కడిగినట్టు ఎండ కాసింది. రెండు రోజులు లైను రాలేదు. రెండు రోజులూ ఆ ఎండ తగ్గలేదు.

"ఎండ ఉంది కదే," అంది పెద్దమ్మ, వాకిట్లో నిలబడి కప్పు వైపు చూస్తూ. "మరి కరెంటేటి రాదు?"

"ఏదో ఫాల్ట్ అయుంటుంది, ఆఫీసులో అడుగుతా," అన్నాను. అబద్ధం మీద అబద్ధం. ఐసు కోసం తిరిగాను, ఎక్కడా దొరకలేదు. మూడో రోజు పొద్దున్న పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య గొయ్యి తీసి చేపలన్నీ పూడ్చాం. పార పట్టింది నేనే. ఎదురింటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "సోలార్ పెట్టించావు గదా దీదీ, క్యా హువా?" అంది. పెద్దమ్మకి కోపం వచ్చింది.

"దానికేటి తెలుసు, చిన్న పిల్ల. ఇలా ఫాల్టొస్తాదని కంపెనీవోళ్లు దానికీ చెప్పలేదు," అని నా తరఫున మాట్లాడింది.

నేను మట్టి ఎత్తుతూ ఉండిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆవిడ నన్ను వెనకేసుకొస్తుంటే లోపలెక్కడో హమ్మయ్య అనిపించింది. అన్నిటికంటే నాకు అసహ్యం వేసేది దాన్ని తలుచుకున్నప్పుడే.

లైనుతో పాటే సోలార్ కూడా వచ్చేసరికి, ఫాల్టు బాగుచేశారనుకుంది పెద్దమ్మ. ఎండ ఉన్నన్నాళ్లూ బిల్లు కూడా బాగా తగ్గింది. అందుకని రెండు నెలల తర్వాత, ఫెరార్‌గంజ్‌లో కూరగాయలు పండించే తన చెల్లెలికి కూడా పెట్టిద్దామని నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. బస్సులో ఎప్పటిలాగే, "దో టికెట్, భయ్యా," అంది. తనతో వెళితే నన్నెప్పుడూ టికెట్ తీసుకోనివ్వదు.

చెల్లెలు వరండాలో చాప వేసింది. పెన్ను మూత తీసి, సంతకం ఎక్కడ పెట్టాలన్నట్టు నా వేలు వైపు చూసింది. చూపు అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే. నా వేలు చివరి పేజీ దాకా వెళ్లలేకపోయింది. వెనక్కి తిప్పి, ఆ నియమం తెలుగులో చెప్పాను.

"లైను కరెంటు పోతే, ఎండ ఉన్నా సరే, ఈ సోలార్ కూడా ఆగిపోతుంది."

పెద్దమ్మ వక్క కత్తిరిస్తోంది. చెయ్యి ఆగింది.

"ఇది కొత్తగా రాసినారేటి?"

ఔనంటే అక్కడితో అయిపోయేది. దారి ఆవిడే చూపించింది.

"కాదు పెద్దమ్మా. నీ కాగితంలోనూ ఉంది."

"నీకప్పుడు ఎరికేనా?"

"ఎరికే."

తిట్టలేదు. తిడితే కాళ్లు పట్టుకునేదాన్ని. చెల్లెలి చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టింది.

"మొదట్నించి చదువు," అంది. "ఒక్క ముక్క ఒగ్గకుండా చదువు."

చదివాను. ప్రతి పేజీ తెలుగులో చెబుతూ, తెలియని చోట తెలియదని చెబుతూ చదివాను. అంతసేపూ పెద్దమ్మ నా ముఖం చూడలేదు, కాగితాన్నే చూసింది. సంతకం పెట్టాలో వద్దో ఆలోచించుకుంటానని చెల్లెలు కాగితాలు లోపల పెట్టుకుంది.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. కండక్టర్ వచ్చాడు. పెద్దమ్మ కొంగుముడి విప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏక్, భయ్యా," అంది.

నా టికెట్ నేను తీసుకున్నాను.