చెట్టు కింద మరక

2007. బహ్రెయిన్ల, సల్మాబాద్‌ల పాత బొమ్మలు బాగుచేసి ఫ్రేములు కట్టే ఒక వర్క్‌షాప్. ఆ వారమే నా డిగ్రీ రిజల్ట్ వచ్చింది, పాసైన! మా ఖాన్‌దాన్ల డిగ్రీ నాతోటే మొదలు. అప్పటిదాంక ప్యాకింగ్ చేసేటోణ్ణి. మేనేజర్ కుర్చీల కూసోబెట్టి కండిషన్ రిపోర్ట్ రాయమన్నడు. అంటే, వచ్చిన బొమ్మకు గీత ఎక్కడుంది, రంగు ఎక్కడ లేచింది అని ముందుగాలనే రాసిపెట్టుకునే కాయితం. అది చూసే క్లీనింగ్ మాస్టర్ చెయ్యి పెడ్తడు.

నా మొదటి బొమ్మ యూరప్‌ది, బరోక్ కాలందట. మూడు వందల ఏండ్లు దాటింది. పెద్ద పెద్ద మబ్బులు, ఒక ఏరు, ఒడ్డుకు గడ్డిల కూసోని తినుకుంట, పాడుకుంట జనం. దాని ఓనర్ బహ్రెయినీ పెద్దమనిషి.

"చెట్టు కింద ఆ నల్ల మరక చిన్నప్పట్నుంచి నా కండ్లల్ల కొడ్తుంది. తీసెయ్," అన్నడు హిందీల.

నేను సంబురంగ రాసిన: మరక, తీసెయ్యాలె. సంతకం పక్కన బి.కాం. అని గూడ పెట్టిన.

మా కాడ వడ్లపని, అంటే కట్టె పని, చేసే మల్లన్నది జగిత్యాల దిక్కు. ఫ్రేమ్ కొలవనీకి వచ్చి బొమ్మ ముందు ఆగిండు.

"డిగ్రీ సాబ్, వీళ్ళకు వండిపెట్టినోడేడి?"

"వంటోడెందుకే అన్నా?"

"శుక్రారం సెలవుకు మనం సఖీర్ ఎడారికి పోతే ఏమైతది? మీరందరు చాపల మీద, నేనొక్కణ్ణే పొయ్యికాడ. ఇంతమంది తింటున్నరు, ఎవడో ఒకడుండాలె గదా." మరక మీదికి వంగిండు. "వీడే! గాలికి మంట ఆరకుండ నేను బండి చాటుకు కూసుంట, వీడు చెట్టు చాటుకు కూసున్నడు."

నవ్వుకుంటనే టార్చి పక్క నుంచి కొట్టిన. మరకల ఒక చెయ్యి. చేతుల గంటె. అవతల మాస్టర్ నా కాయితం చూసి మరకలు తీసే మందు సీసా మూత తీస్తుండు.

"ఆగున్రి! అది మనిషి!"

మాస్టర్ పైన నల్లబడ్డ పాత వార్నిష్ ఒక్కటే మెల్లగ తీసిండు. రెండు రోజులకు ఎర్ర టోపీ పెట్టుకోని పొయ్యి ఊదుతున్న మనిషి బయటవడ్డడు.

ఓనర్ వచ్చి దగ్గరికి వంగి చూసిండు. "ఇన్నేండ్లు వీణ్ణి తుడిచెయ్యాలనుకున్ననా!" అని నవ్విండు. "ఎవరు గుర్తువట్టిన్రు?"

మల్లన్నను చూపెట్టిన. నా రిపోర్ట్‌ల మరక అన్న మాట కొట్టేసి, వంట మనిషి అని రాసిన.

ఇప్పటికీ ఏ బొమ్మల మరక కనవడ్డా, రాసే ముందు ఇంకొకర్ని పిలిచి చూపెడ్త. ఆ శుక్రారం సఖీర్ల మాత్రం పొయ్యికాడ నేనే కూసున్న. మల్లన్న చాప మీద కాళ్ళు సాపుకోని, "తమ్మీ, ఉప్పు తక్కువైంది," అని అరుస్తనే ఉన్నడు.