రెండంగుళాల తేడా

గుడివాడలో ఒక కల్యాణ మండపం కడుతున్నప్పుడు నేను ఆ సైట్‌లో ఇంజనీర్ని. డిజిటల్ కెమెరాలు మా వైపు కొత్తగా వస్తున్న రోజులు. గోడకి ఫొటో తీసి, కెమెరా నుంచి గోడ దాకా దూరాన్ని లేజర్ పరికరంతో చూసి, రెండూ కంప్యూటర్‌లో పెడితే కొలతలు వచ్చేసేవి. నిచ్చెన ఎక్కే పనే లేదు. అది తెలిసినవాణ్ణి సైట్‌లో నేనొక్కణ్ణే. కొంచెం గర్వంగానే తిరిగేవాణ్ణి.

ఆ గోడలు కట్టింది దివిసీమ నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ. నా లెక్కలో ప్రతి కిటికీ ఖాళీ ప్లానులో ఉన్నదానికన్నా రెండంగుళాలు తక్కువొచ్చింది. ఆయన టేపు తీశాడు.

"సరిగ్గా అయిదడుగులుందండీ. మీరే వచ్చి చూడండి."

"టేపు వదులుగా పట్టుంటారు. మెషీన్‌ది తప్పెందుకవుతుంది?" అన్నాను. దగ్గరికి వెళ్లి చూడనైనా లేదు.

కాంట్రాక్టరు నా మాటే నమ్మాడు. మేస్త్రీ తాను కట్టిన గోడల అంచుల్ని తానే ఉలితో చెక్కాడు. ఎనిమిది కిటికీలకి మూడు రోజులు పట్టింది. తర్వాత ప్లాను ప్రకారం చేయించిన ఫ్రేములొచ్చాయి. అన్నీ వదులే.

"చెప్పినంత కొట్టడం కూడా చేతకాదా?" అని కాంట్రాక్టరు అందరి ముందూ అరిచి, ఆయన్ని పనిలోంచి తీసేశాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. తప్పు నాదేనేమోనని అప్పుడే అనుమానం వచ్చింది. అయినా కెమెరా సంచి జిప్పు లాక్కుంటూ నిలబడ్డాను.

కొన్ని నెలలకి అదే కాంట్రాక్టరు బందరులో మొదలుపెట్టిన పనిలో అసలు సంగతి తెలిసింది. ఆ లేజర్ పరికరం దూరాన్ని తన ముందంచు నుంచి లెక్కపెట్టాలో, వెనకంచు నుంచో మనమే ఎంచుకోవాలి. గుడివాడలో ముందంచు ఎంచి, వెనకంచుని కెమెరాకి ఆనించాను. పరికరం పొడవంత దూరం లెక్కలో తగ్గిపోయింది. దాంతో కిటికీలూ తగ్గాయి.

ఆదివారం బస్సెక్కి మేస్త్రీ ఊరు వెళ్లి అంతా చెప్పాను.

"గోడ సరిగ్గా ఉందని నాకు ఆ రోజే తెలుసు బాబూ," అన్నాడు. "ఈ మాట కాంట్రాక్టరుగారికి చెప్పండి. ఆయన అన్నది విని నన్నెవరూ పనికి పిలవట్లేదు."

"తప్పకుండా చెప్తానండీ," అన్నాను. వాళ్లావిడ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

సోమవారం కాంట్రాక్టరు చిరాగ్గా ఉన్నాడు. మరో రోజు చెబుదామనుకున్నాను. బందరు పని పూర్తయింది, నేను ఊరు మారాను. చెప్పలేదు. మేస్త్రీ తాపీపని వదిలేసి చేపల చెరువుకి కాపలా వెళ్తున్నాడని తర్వాతెప్పుడో విన్నాను.