కుట్టుకి వదిలిన అంగుళం

మా పిన్ని మొండిది. మర్యాదగా చెప్పాలంటే పట్టుదల గల మనిషి, కానీ ఆమెతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి ఆ మర్యాద నోటికి రాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా కుట్టు కార్ఖానాలో కాలర్లు కుడుతోంది. కళ్ళద్దాలు మార్చినా ఏడాదిగా సూది బెజ్జం కనబడటం లేదు. పక్క మిషను దగ్గరి ఆవిడే గుట్టుగా దారం ఎక్కించి పెడుతోంది. సంగతి బయటపడితే పనిలోంచి తీసేస్తారని పిన్ని భయం.

అంతలో గుడ్డ కత్తిరించే కంప్యూటర్ మిషను వచ్చింది. దానికి కొలతల లెక్కలు రాసిపెట్టే మనిషి కావాలి. శుక్రవారం సాయంత్రంలోగా పది కోడింగ్ ఎక్సర్‌సైజులు పాసైనవాళ్ళలోంచి ఒకరిని తీసుకుంటామని సూపర్‌వైజరు చెప్పాడు. అందరికంటే ముందు పేరిచ్చింది పిన్నే.

తొమ్మిది గట్టెక్కాయి. పదోదాని దగ్గర బండి ఆగింది. ఒక్కో ముక్క పొడవు, ముక్కల సంఖ్య ఇస్తే మొత్తం ఎంత గుడ్డో చెప్పాలి. టెస్ట్ నొక్కితే ఏడు వరసల్లో ఆరు తప్పని ఎర్రబడ్డాయి. పచ్చబడ్డ ఒక్కటీ సున్నా ముక్కలది.

"టెస్టులే తప్పుగా రాశారే" అంది పిన్ని.

అదే కార్ఖానా ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే పని నాది. పిన్ని ఎక్సర్‌సైజులు చేసేదీ దాని మీదే. గురువారం భోజనాల వేళ ఇక ఓపిక పట్టలేక, "కీబోర్డు ఇటివ్వు పిన్నీ, రెండు నిమిషాల్లో రాసి పంపేస్తాను" అన్నాను.

"పంపేస్తావు. సోమవారం ఆ మిషను ముందు కూర్చునేది నువ్వా, నేనా?"

ఆమె తెర మీద సాయం అడిగే పెట్టె తెరిచి, ఒక్క వేలితో కొట్టింది: "ఈ ప్రశ్న రాసినవారు ఎప్పుడైనా చొక్కా కుట్టారా?"

సాయం అడిగే తీరు అది. నాకు తల కొట్టేసినట్టయింది.

పావుగంటలో ఆ ఎక్సర్‌సైజులు పెట్టిన గైడు జవాబిచ్చింది: "కుట్టలేదండీ. మీ లెక్కలో ముక్కకో అంగుళం ఎక్కువొస్తోంది. ఎందుకో చెప్తారా?"

పిన్ని దాన్ని రెండుసార్లు చదివింది. ముక్కకో అంగుళం కుట్టుకి వదలడం ఆమె చేతికి ఎంత అలవాటంటే, కోడ్‌లో కూడా వదిలేసింది. వదిలానన్న ధ్యాసే లేదు. ప్రశ్నలో కుట్టు ఊసే లేదు.

"అడక్కపోతే ఎన్నాళ్ళైనా కనబడేది కాదే" అంది నెమ్మదిగా. అంగుళం తీసేసింది. ఏడూ పచ్చబడ్డాయి. సబ్మిట్ నొక్కి, చల్లారిపోయిన అన్నం తిన్నది.

శనివారం కటింగ్ గదిలోకి సూపర్‌వైజరు జాబితా పట్టుకుని వచ్చాడు. పాసైనవాళ్ళు నలుగురు. ఆయన చదవబోయేలోపే పిన్ని లేచింది.

"పేరు చదివేముందు ఒక మాట సార్. ఏడాదిగా నాకు సూది కనబడటం లేదు. పక్కావిడ దారం ఎక్కించి పెడుతోంది, తప్పు ఆమెది కాదు. ఎంచుకునేవాళ్ళకి ఇది తెలియాలి కదా అని చెప్తున్నాను."

ఇంకొక్క నిమిషం ఊరుకోలేకపోయిందా అని నాకు ఒళ్ళు మండింది.

సూపర్‌వైజరు జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్త మిషను కంప్యూటర్ ముందున్న కుర్చీ వెనక్కి లాగి, "అక్షరాలు ఎంత పెద్దవి కావాలమ్మా?" అని అడిగాడు.