మెంతుల వాసన వేసిన వైన్

మా మేనత్త పోయిన సోమవారం పొద్దున్న చనిపోయింది. నేను కాఫీ పళ్ళ తొక్క తీసే మిషను దగ్గర ఉండగా నాన్న ఫోన్ చేశాడు. "అత్త ఇక లేదు, బేగి రా" అన్నాడు. మిషను ఆపి వెళ్ళాను.

అనంతగిరి దగ్గర మా రైతుల సంఘంలో కాఫీ రుచి చూసి, ఏ గింజలు మంచివో ఏవి కావో చెప్పేది అత్తే. చదివింది అయిదో తరగతి. ఆ పని నేర్చుకున్నాక చిన్నప్పటి నుంచి అలవాటైన చుట్ట మానేసింది. రుచి చూసే రోజున ఉల్లిపాయ ముట్టేది కాదు, తలకి నూనె రాసుకునేది కాదు. ఒక ఏడాది మా నాన్న గింజల్నే పక్కన పెట్టించింది. "అన్నా, నీ పళ్ళు తొట్టిలో ఎక్కువ పులిసిపోనాయి" అని అందరి ముందే చెప్పింది. కోతలు అయ్యేదాకా నాన్న ఆవిడతో మాట్లాడలేదు.

మూడేళ్ళ కిందట అత్తకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని, ముక్కుకి వాసన తిరిగి రాలేదు. ఇంట్లో చెప్పకముందే వెళ్ళి సంఘం మేనేజరుకి చెప్పింది. సీజను మధ్యలో ఉన్నాం, అలవాటు మీద ఏదో ఒకటి చెప్పేయమని ఆయన బతిమాలాడు.

"తెలీనిది తెలిసినట్టు ఎలా సెప్పను బాబూ? మా అన్న గింజల్నే కాదన్నాను గదా" అంది అత్త.

ఆ సాయంత్రమే తను కాఫీ రుచి చూసే చెంచా తెచ్చి నా చేతిలో పెట్టింది. రోజూ నా పక్కన కూర్చుని ప్రశ్నలు వేసేది. "బాగుంది, బాలేదు అనకు. దేనిలాగుందో సెప్పు" అనేది. నాకు తెలిసిన పని ఏదైనా ఉంటే అది ఆ ఒక్క మాటలోంచి వచ్చిందే.

కిందటి చలికాలం ఫ్రాన్స్ నుంచి ఒక కాఫీ వ్యాపారి వచ్చాడు. తన ఊరి వైన్ అంటూ ఒక పొట్టి సీసా తెచ్చి తలా కాస్త పోశాడు. తెల్ల ద్రాక్షతో చేసినదట, రంగు మాత్రం పసుపు. మేనేజరు ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "దారిలో పాడైపోయినట్టుంది" అని నెమ్మదిగా నా చెవిలో అన్నాడు.

అత్త నా వైపు తిరిగింది. "ఏటి గుంటా, దేనిలాగుంది?"

నాకు భయం వేసింది. అంతకుముందెప్పుడూ వైన్ రుచి చూడలేదు. ఇంకోసారి నోట్లో పోసుకున్నాను. "మెంతులు, అత్తా. వేయించిన మెంతులు. తర్వాత అక్రోటు పప్పు. పాడైన వాసన కాదు."

"మింగేక ఉందా, పోయిందా?"

"ఇంకా ఉంది."

"అయితే పాడవలేదు. కావాలనే అలా సేసేరు" అని అత్త తేల్చేసింది.

వెంట వచ్చిన దుబాసీ ఆ మాట చెప్పగానే వ్యాపారి కుర్చీ అత్త దగ్గరికి జరుపుకున్నాడు. ఆ వైన్‌ను ఓక్ చెక్క పీపాలో ఆరేళ్ళకు పైగా ఉంచుతారట. అది ఆవిరై తగ్గుతున్నా పైన నింపరట.

"మరి గాలికి సెడిపోదా?" అని అడిగింది అత్త.

"పైన పలచటి పొర కడుతుంది. ఆ పొరే దాన్ని కాపాడుతుంది."

"మాకు కల్లు కుండలో పొర కడితే పారబోసేస్తాం" అంది అత్త. అతను చాలాసేపు నవ్వాడు.

తర్వాత వాళ్ళు గింజలు చూడ్డానికి కళ్ళంలోకి వెళ్ళారు. అత్త లేవలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు చూసింది. ఏమీ అందలేదు కాబోలు, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. ఎండ ఆ వైన్‌లోంచి దిగి ఆవిడ రెండో అరచేతిలో పసుపు వెలుగై పడింది. గ్లాసు కదిలినప్పుడల్లా అదీ కదిలింది. అత్త వేళ్ళు ముడిచి, మళ్ళీ తెరిచి చూసుకుంది.