ఐసు మీద ఊక

ఫిషింగ్ హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో గుమస్తాగా ఉన్న రోజుల్లో నాకు రెండే పనులు. వేటకెళ్లే బోట్లకు ఐసు దిమ్మలు పంపడం, కనిపించిన ప్రతివాడికీ మారుపేరు తగిలించడం. మొదటిదానికి జీతమిచ్చేవారు, రెండోది ఉచిత సేవ. మా ఫోర్‌మన్‌కి 'రేడియో' అని పెట్టాను. ఎవరైనా ఆపితే గాని ఆగేవాడు కాదు.

నా పేర్లన్నిట్లోకీ బాగా తిరిగింది మా బావకు పెట్టిందే. మా మేనమామ కొడుకు, నా ఈడువాడు, పోర్టులో రోజుకూలీ. హాకీ మహా బాగా ఆడేవాడు. మనిషి నలుపు, నిగనిగలాడే నలుపు. ఓసారి మ్యాచ్‌లో అందిన బంతి వదిలేశాడని గట్టు మీంచి "తారుడబ్బా!" అని అరిచాను. జనం ఘొల్లుమన్నారు. నెల తిరక్కుండా పూర్ణా మార్కెట్‌లో కూరలమ్మే ఆవిడ నుంచి మద్దిలపాలెం డిపోలో కండక్టర్ల దాకా అందరూ అతన్ని అలాగే పిలిచారు. అదేదో నా ఘనకార్యంలా మురిసిపోయాను కూడా.

ఆ ఏడు ఒక ఆదివారం పోర్టు జట్టుకు సెలెక్షన్ మ్యాచ్ పెట్టారు. జట్టులో చోటు దొరికితే ఉద్యోగం పర్మనెంటవుతుంది. అలాంటిది, సరిగ్గా ఆ వారమే బావ హాకీ కర్ర అటకెక్కించేశాడు.

"నాను రాను బావా. మోకాలు నొప్పెడతంది."

"ఏ మోకాలు?"

కుడిది చూపించాడు.

"పొద్దున్న ఎడమది కదేటి?" అన్నాను.

నా హాస్యానికి అతను నవ్వకపోవడం అదే మొదటిసారి. అయినా నాకు బుర్ర వెలగలేదు.

ఇంతలో కెనడా నుంచి గంధకం తెచ్చిన ఓడ ఒకటి రేవులో ఆగింది. దాని కోల్డ్ రూం చెడిపోయిందని, వంటవాడు ఐసు కోసం మా దగ్గరికొచ్చాడు. యాభైకి దగ్గరపడ్డ నల్లజాతి మనిషి, తలుపంత భుజాలు. మావాళ్లు దిమ్మల్ని కొక్కెంతో లాగి తడినేల మీద జార్చి వదులుతుంటే అలా చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత, తాను ఐసు మీద హాకీ ఆడేవాణ్ణని చెప్పాడు. మా ఎండకు పాపం తల తిరిగిందనుకున్నాను. పర్సులోంచి ఫోటో తీశాడు. బూట్ల కింద కత్తులు, చేతుల్లో వంకర కర్రలు, అందరూ తెల్లవాళ్లు, మధ్యలో ఈయన. తానాడిన లీగులో జీతం తీసుకుని ఆడిన మొదటి నల్లవాడు తానేనట. ఆ కత్తుల బూట్లు ఇప్పటికీ ఓడలో తన మంచం కిందే ఉన్నాయట.

"రేపు పట్టుకురండి, ఐసు మాది," అన్నాను. వెనకాముందూ చూడకుండా మాటిచ్చేయడం మా వంశంలో అందరికీ ఉన్న జబ్బు.

మర్నాడు శనివారం. లోడింగు అరుగు మీద నలభై దిమ్మలు వరసగా పేర్పించాను. బావను కూడా రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. అతిథి వచ్చేలోపు ఐసు కరిగిపోతుందేమోనని భయపడి, మా అలవాటు ప్రకారం రెండు బస్తాల ఊక దిట్టంగా చల్లించాను. ఊక లేకుండా మా ఐసు ఏనాడూ గేటు దాటలేదు మరి.

ఆయన బూట్లు భుజాన వేసుకుని వచ్చాడు. ఆ ఊక వైపు చూశాడు. కాలితో కాస్త కదిపి చూసి, అక్కడే కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఊకలో కత్తి జారదన్న సంగతి మా ఫ్యాక్టరీ మొత్తంలో ఒక్కరికీ తట్టలేదు. రేడియో అయితే చాలకపోతే ఇంకో బస్తా తెప్పించమంటారా అని అడిగాడు.

పైపులు పెట్టి కడిగేశాం. ఆయన బూట్లు తొడుక్కుని దిమ్మల మీదికెక్కి నాలుగంటే నాలుగు అంగలు వేశాడు. అంత బరువు మనిషి ఒక్కసారిగా తేలికైపోయాడు. అంచుకొచ్చి అడ్డంగా తిరిగి ఆగేసరికి ఐసు పొడి లేచి నా ప్యాంటు మీద పడింది. మేమంతా ఈలలు వేశాం. బావ వెయ్యలేదు.

"బావా, అక్కడ జనం ఈయన్ని ఏటనీవోరో అడుగు," అన్నాడు.

నా బీకాం ఇంగ్లీషులో అడిగాను. ఆయన బూటు తాడు విప్పుకుంటూ నిదానంగా చెప్పాడు.

"గ్యాలరీలో జనం చాలా అనేవారు. వాళ్లెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్లకు తెలీదు. కానీ బస్సులో నా పక్కన కూర్చునే మా జట్టువాడు సరదాకి నాకో పేరు పెట్టాడు. గ్యాలరీ ఆ పేరు వాడి దగ్గరే నేర్చుకుంది. అది మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది."

"ఏటన్నాడు?" అన్నాడు బావ.

"జనం గోల సేసేవోరట. పట్టించుకోలేదట," అన్నాను. మిగతాదంతా మింగేశాను.

"మరి ఆడ్డం మానీసినాడేటి?"

మానలేదట. ఆరు చలికాలాలు ఆడాడట. ఆ తర్వాత మోకాలు పోయిందట. ఏ మోకాలని నేనడగలేదు.

ఆ సాయంత్రం బావ ఇంటికి వెళ్లాను. జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. వెళ్లేసరికి కర్ర అటక దిగి ఉంది, బావ దాని పిడికి సైకిలు ట్యూబు చుడుతున్నాడు. మింగేసిన మాటలన్నీ చెప్పాను.

"తప్పయిపోనాది బావా," అన్నాను.

"ఆయన సెప్తన్నప్పుడే నీ మొకం సూసినాను. తెలిసిపోనాది." ట్యూబు బిగించి ముడేశాడు. "రేపు అరిసేవోళ్లు ఎలాగూ అరుస్తారు. నువ్వు మాత్రం నా పేరెట్టి పిలువు, సాలు."

మర్నాడు ఆట మొదలైన పది నిమిషాలకే గట్టు మీంచి "తారుడబ్బా" మొదలైంది. నేను లేచి నిలబడి బావను పేరు పెట్టి పిలిచాను. అమ్మమ్మ బారసాలలో పెట్టిన పేరు. గొంతు జీరపోయేదాకా అరిచాను. ఆ రోజు బావను జట్టులోకి తీసుకున్నారు, పోర్టులోనే రిటైరయ్యాడు, అదంతా తర్వాతి మాట. నేనలా అరుస్తుంటే పక్కన కూర్చున్న రేడియో, బావను మూడేళ్లుగా ఎరిగినవాడు, నా మోచెయ్యి పట్టి గుంజాడు.

"ఎవుల్ని పిలుస్తన్నావ్ గురూ? ఆ పేరున్నోడు ఈ ఆటలో ఎవుడూ లేడే?"